ఒక మైలు త్రోవ

అమెరికా సంయుక్త రాష్ట్రముల పటమును చూచిన విద్యార్థులకు రహదారుల ప్రక్కన అంకెలు కనబడును. అవి తోచినట్లు వేసినవి కావు. ఉత్తర దక్షిణములుగా పోవు అంతర్రాష్ట్ర రహదారులకు బేసి సంఖ్యలును, తూర్పు పడమరలుగా పోవువానికి సరి సంఖ్యలును ఇచ్చియున్నారు. మూడంకెలున్నచో అది శాఖ. చివరి రెండంకెలు మూల రహదారిని తెలుపును. మొదటి అంకె బేసియైనచో ఆ శాఖ సాధారణముగా పట్టణములోనికి పోయి అచ్చటనే ముగియును. మన డెల్టా ప్రాంతములలో పెద్దకాలువనుండి పిల్లకాలువ చీలి, ఒక ఊరి పొలములతో ఆగిపోవుట మనమెరుగుదుము గదా! అట్టి పిల్లత్రోవలలో నొకటియగు 375వ రహదారినిగూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

ఇది మిచిగన్ రాష్ట్రములోని డెట్రాయిట్ నగరమున నున్నది. పొడవు ఇంచుమించు ఒక మైలు. 75వ రహదారినుండి విడివడి, నగర మధ్యభాగమునకు తూర్పు అంచున దక్షిణముగా సాగి, నదికి సమీపమున జెఫర్సన్ వీధిని చేరును. నేలమట్టమునకు దిగువగా కందకమువలె త్రవ్వి వేసిరి గనుక అడ్డువీధులు వంతెనలమీదుగా దానిని దాటవలెను. 1959లో ఆరంభమైన పని 1964 జూన్ నెలలో ముగిసెను. మోటారుబండిలో పోవువారికిది రెండు నిమిషముల ప్రయాణము. దీని చరిత్ర అంత పొట్టిది కాదు.

ఈ త్రోవ పరచిన చోట పూర్వము హేస్టింగ్స్ వీధి యుండెను. ఆ ప్రాంతపు పేట పేరు బ్లాక్ బాటమ్. నేల నల్లనిదై సారవంతమగుటచే ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. మొదటి ప్రపంచ యుద్ధకాలము మొదలుకొని దక్షిణ రాష్ట్రములనుండి నల్లజాతివారు కర్మాగారములలో పనికై డెట్రాయిట్ చేరిరి. తెల్లవారికి తప్ప ఇతరులకు అమ్మరాదను షరతులు అనేక క్రయపత్రములలో వ్రాయబడియుండుటచే వారికి తక్కిన పేటలలో చోటు దొరకుట దుర్లభమయ్యెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుజరుపరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పులో చేరిన వ్యాజ్యములలో నొకటి డెట్రాయిట్ నుండి పోయినదే.

పేటలోని ఇండ్లు ఇరుకైనవి, పాతవి; అది నిజమే. అయినను అచ్చట వైద్యులు, మందుల అంగళ్లు, హోటళ్లు, చర్చిలు, సంగీతశాలలు కలవు. ముష్టియుద్ధమున జగజ్జెట్టియైన జో లూయీ కుటుంబము వలసవచ్చి దిగినది ఈ పేటలోనే.

నగరాధికారులు దీనిని మురికిపేట యని నిర్ణయించిరి. 1949 నాటి గృహచట్టము ప్రకారము అట్టి పేటలను తొలగించుటవలని నష్టములో మూడింట రెండువంతులు కేంద్రప్రభుత్వము భరించును. 1956 నాటి రహదారుల చట్టము ప్రకారము అంతర్రాష్ట్ర రహదారి వ్యయములో నూటికి 90 వంతులు కేంద్రమే యిచ్చును. ఒరుల సొమ్ముతో పడగొట్టుట సుళువే! కట్టడముల వెల యజమానులకు ముట్టెను. అద్దెకున్న కుటుంబములును, చిన్న వర్తకులును మిక్కిలి తక్కువ సహాయముతో చెదరిపోయిరి. ఈ త్రోవకు ఉత్తరపు కొనసాగింపు కొరకు హేస్టింగ్స్ వీధిలోని న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చియు స్థలము విడువవలసివచ్చి, 1963లో లిన్‌వుడ్ వీధికి చేరెను. ప్రఖ్యాత గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి అచ్చటి కాపరి.

ఒక విషయము మాకు వింతగా తోచినది. పేటను తీసుకొనునపుడు అధికారులు ఇంటింటికి ఛాయాచిత్రములు తీయించిరి. ఆ చిత్రములు డెట్రాయిట్ ప్రజాగ్రంథాలయమున భద్రముగా నున్నవి. కూల్చుటకై తీసినవే నేడు ఆ వీధి రూపము తెలుపుచున్నవి.

ఈ కందకమును పూడ్చి సాధారణమైన వీధిగా మార్చుటకు 2022లో కేంద్రము 10 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసెను. అట్లు మిగులు భూమి సుమారు 30 ఎకరములు. ఆ భూమి యెవరి పరమగును? పూర్వనివాసుల సంతతివారు ఈ ప్రశ్నను సభలలో మరల మరల అడిగిరి. అంచనా వ్యయము పెరిగిపోవుటచే 2025లో రాష్ట్ర రవాణాశాఖ ఆ పనిని నిలిపివేసెను.