సొరుగు బోర్లించి చూడు

విల్మింగ్టన్, డెలావేర్

చిరంజీవి రవికి,


నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నాలుగు సొరుగుల మహాగని బీరువా, 1770 ప్రాంతంలో బోస్టన్‌లో చేసిందని షాపతను చెప్పాడన్నావు. ఎవరో గవర్నరుగారి మునిమనవరాలి ఇంట్లోంచి వచ్చిందట. పాలిష్ పట్టించి కొత్త పిడులు వేయిస్తే అద్దంలా మెరుస్తుందనీ అన్నాడట. బీరువా అందంగానే ఉంది, కాదనను. కానీ ఫొటోలన్నీ ముందువైపువే. వెనకది ఒక్కటీ లేదు, అడుగుది ఒక్కటీ లేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఊళ్లో స్థలం కొనేటప్పుడు మీ నాన్న అమ్మేవాడి కబుర్లన్నీ ఓపిగ్గా విని, చివర్లో లింకు డాక్యుమెంట్లు తీయమన్నాడు చూడు, ఇక్కడా అంతే. పాత ఫర్నిచర్‌కి ఆ డాక్యుమెంట్లు దాని వెనకా, అడుగునా, సొరుగుల లోపలా ఉంటాయి. ఆ కాలపు వడ్రంగులు ఖరీదైన మహాగని, వాల్‌నట్ కనబడే చోటే వాడారు. లోపలికి దగ్గర్లో చవకగా దొరికే చెక్క వేశారు. బోస్టన్ వాళ్లు ఎక్కువగా వైట్ పైన్, న్యూపోర్ట్ వాళ్లు తరచుగా చెస్ట్‌నట్, ఫిలడెల్ఫియా వాళ్లు ట్యూలిప్ పాప్లర్, సీడర్. అదే ఇంగ్లండ్ బీరువా అయితే లోపల ఓక్ గానీ, అక్కడి స్కాట్స్ పైన్ గానీ కనిపిస్తుంది. ఓడల్లో వచ్చిన ఇంగ్లండ్ సామానును అమెరికాదని అమ్మడం పాత విద్యే, ఎందుకంటే ధరలో తేడా చాలా ఎక్కువ. రెండు పైన్‌లనూ కంటితో పోల్చుకోవడం కష్టం. చిన్న ముక్క మైక్రోస్కోప్ కింద పెట్టిస్తే తేలిపోతుంది. (ఆ మహాగని కరీబియన్ దీవుల్లో, హోండురాస్ అఖాతం తీరంలో బానిసలు కొట్టిన చెక్క. ఈ వస్తువుల అందం గురించి మాట్లాడేవాళ్లు ఆ మాట తొందరగా దాటేస్తారు. నువ్వు దాటేయకు.)

షాపుకెళ్లి సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించు. అడుగు పలక మీద వేళ్లు ఆనించి పీచుకు అడ్డంగా నడిపించు. చేత్తో చిత్రిక పట్టిన పలకైతే కంటికి ఆనని పల్లాలు వేళ్లకు తగులుతాయి. రంపం గీతలు కనిపిస్తే అవి తిన్నగా ఉండాలి. వంపు తిరిగి ఉంటే అది గుండ్రటి రంపం పని, 1770 నాటి బీరువాలో దానికి చోటు లేదు. మేకులు కొలిమిలో కొట్టినవి కావాలి. యంత్రంతో కత్తిరించిన మేకులు 1790లలో మొదలయ్యాయి, ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు 1890ల నాటికి వాటిని తోసేశాయి. మొన తేలిన స్క్రూ ఉంటే అది 1840ల తర్వాతిది. ఒక్క కొత్త మేకు కనబడగానే నకిలీ సరుకని గోల చేయకు, మధ్యలో ఎవరో మరమ్మతు చేసి ఉండొచ్చు. అన్ని సాక్ష్యాలూ ఒకేవైపు మొగ్గుతున్నాయా అన్నది చూడాలి. లోపలి చెక్క గాలికి ఎండి తనంతట తాను గోధుమరంగుకు తిరిగి ఉండాలి. ఎవరికీ కనబడని చోట రంగు పూసి ఉంటే, ఎందుకు పూశారని అడుగు. ఆ ప్రశ్నకు వాళ్ల మొహం చెప్పే జవాబు చాలు.

చెక్క పీచుకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకే అసలైన పాత గుండ్రటి బల్ల ఇప్పుడు కచ్చితంగా గుండ్రంగా ఉండదు. రేపెప్పుడైనా బల్ల కొంటే టేపుతో రెండు దిక్కులా కొలువు. హైబాయ్‌లని రెండంతస్తుల సొరుగుల బీరువాలుంటాయి, వాటిలో పైభాగం ఒక ఇంటిది, కిందిభాగం ఇంకో ఇంటిది అతికిస్తారు. రెండింటి డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు అతుకు) కోతలూ ఒకే చేతివా కావా అని చూస్తే బయటపడుతుంది.

ఇన్ని చూసినా మోసపోము అని కాదు. మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 1970లో 17వ శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీ అని ఒకటి 9,000 డాలర్లకు కొంది. అది రోడ్ ఐలండ్ శిల్పి ఆర్మండ్ లామోంటేన్ తన చేత్తో చేసి, పాతదానిలా కనిపించేలా మార్చి, నిపుణులను పరీక్షించడానికి జనంలోకి వదిలిన కుర్చీ. 1977లో సంగతి బయటికొచ్చింది. తర్వాత రుజువుగా పనికొస్తుందని, చేసేటప్పుడే కావాలని కొత్త కాలపు డ్రిల్లుతో కన్నాలు పెట్టాడు. మ్యూజియం దాన్ని పారేయకుండా పాఠంగా ఉంచుకుంది. ఆ పని నాకు నచ్చింది.

పాలిష్ సంగతి. వద్దు. అసలు వార్నిష్ గీకేస్తే పోయేది మురికి కాదు, ఇన్నేళ్ల గాలీ వెలుతురూ చేతులూ కలిసి తెచ్చిన పైపొర. మళ్లీ ఎవరూ పూయలేరు. దానితో పాటు ధరలో పెద్ద భాగం కూడా పోతుంది. పాత రంగు మిగిలిన విండ్సర్ కుర్చీకీ గీకి తెల్లబరిచిన దానికీ వేలంలో పోలికే ఉండదు. పిడులు మార్చడం అంత నేరం కాదు, చాలా బీరువాలకు మారే ఉంటాయి. సొరుగు లోపలివైపు పూడ్చిన కన్నాలు లెక్కపెడితే ఎన్నిసార్లు మారాయో తెలుస్తుంది. కాళ్లు మార్చి ఉంటే మాత్రం ధర సగానికి బేరమాడు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అది గొప్ప బీరువా కావాలని లేదు. ఆల్బర్ట్ శాక్ 1950లో రాసిన ‘ఫైన్ పాయింట్స్ ఆఫ్ ఫర్నిచర్’ సంపాదించు. ఒకే రకం వస్తువులు పక్కపక్కన పెట్టి మంచిది, ఇంకా మంచిది, అన్నిటికన్నా మంచిది అని చూపిస్తాడు. వయసు చూడటం నేర్చుకున్నవాళ్లు కూడా పొందిక చూడటం దగ్గర తడబడతారు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం నీకు దగ్గరే, ముందు అక్కడ కన్ను సాధన చేయి. సెలవుల్లో ఇక్కడికొస్తే వింటర్‌థర్ మ్యూజియం చూపిస్తాను. హెన్రీ ఫ్రాన్సిస్ డూపాంట్ తన ఇంటినే 1951లో మ్యూజియం చేశాడు.

డబ్బు చేసుకుందామని మాత్రం కొనకు. న్యూజెర్సీలో ఒకామె గరాజ్ సేల్‌లో 25 డాలర్లకు కొన్న చిన్న బల్ల, అడుగున బోస్టన్ వడ్రంగి జాన్ సీమోర్ లేబుల్ ఉండటంతో, 1998లో సోథెబీస్‌లో 5,41,500 డాలర్లు పలికింది. అలాంటివి వార్తల్లో చదవడానికి. మామూలు స్థాయి పాత సామాను ఇరవై ఏళ్ల క్రితం కన్నా ఇప్పుడు బాగా చవక. కాబట్టి తొందరేం లేదు, రోజూ వాడుకోవడానికి కొను.

ఇప్పుడు పని. బీరువా అడుగు భాగం, వెనక పలకలు, బయటికి తీసిన ఒక సొరుగు పక్కనుంచీ కిందనుంచీ, కాళ్ల లోపలివైపు ఫొటోలు తీసి పంపు. అడుగున ముందు అంచు కర్రను కింది పలకకు ఒక పెద్ద డవ్‌టెయిల్‌తో బిగించారేమో చూడు. బోస్టన్ చేతికి అది మంచి గుర్తు. గవర్నరుగారి మునిమనవరాలి కథకు కాగితం ఉందా అని అడుగు. లేకపోతే ఆ కథకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. ఫొటోలు నేను చూసేదాకా అడ్వాన్సు కట్టకు. కట్టే రోజున ఎక్కడ, ఎప్పుడు చేసిందో, ఏం మార్చారో బిల్లు మీదే రాయించుకో. రాయనన్నాడా, నమస్కారం పెట్టి వచ్చేయ్.

ప్రేమతో,
పెద్దమ్మ