పాత కన్వర్టర్లకు ధర కట్టే విధం
హై ఫ్లో సరుకుతో జాగ్రత్త

బంగారం, వెండి ధారణలతో పాటు ప్లాటినం, పల్లాడియం, రోడియం ధారణలను కూడా లోహ వర్తకులు కనిపెట్టి చూడవలసి వుంటుంది. వీటిలో పల్లాడియం, రోడియం గిరాకీలో అత్యధిక భాగం మోటారు కార్ల పొగగొట్టాలదే. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లలో ఈ లోహాలు వాడతారు. అమెరికాలో 1975 మోడల్ కార్లతో వీటి వాడకం విస్తరించింది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు వీటిని తప్పనిసరి చేశారు.

కన్వర్టర్ లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె వుంటుంది. దాని రంధ్రాల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో కొద్దిపాటి లోహం వుంటాయి. ప్లాటినం, పల్లాడియం కార్బన్ మోనాక్సైడును, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుస్తాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొడుతుంది. వాడకంలో ఈ లోహం చాలావరకు దిమ్మెలోనే నిలిచి వుంటుంది. పాత కన్వర్టర్‌కు విలువ అందుకే.

అమెరికాలో స్పోర్ట్స్ కార్ల యజమానులు కొందరు ఇంజను శక్తి పెంచే ఉద్దేశంతో కంపెనీ కన్వర్టర్ తీసి హై ఫ్లో కన్వర్టర్ బిగిస్తారు. నిస్సాన్ 350జెడ్ కారునే తీసుకుంటే, దాని వి-6 ఇంజనులో వరుసకొక కన్వర్టర్ వుంటుంది. ఒక కారు మారిస్తే రెండు పాత కన్వర్టర్లు దిగుతాయి. కొన్నేళ్ళకు ఆ హై ఫ్లో కన్వర్టర్లు కూడా తుక్కు బజారుకే చేరతాయి. చిక్కు ఇక్కడే వస్తుంది.

కంపెనీ కన్వర్టర్లలో చదరపు అంగుళానికి 400 లేక అంతకు మించిన రంధ్రాలు వుండడం మామూలు. హై ఫ్లో సరుకులో 200, పందెపు కార్ల సరుకులో 100 వరకే వుంటాయి. రంధ్రాలు పెద్దవి కనుక పొగ సులువుగా పోతుంది. కాని పూత నిలిచే గోడల వైశాల్యం తగ్గిపోతుంది. అంతే పరిమాణం గల దిమ్మెలో రంధ్రాల సంఖ్య 400 నుంచి 100కు దిగితే వైశాల్యం సుమారు సగమవుతుంది. పైగా చవక రకాల్లో తయారీదారులు లోహాన్ని కూడా పొదుపు చేస్తారు. కొన్నిటిలో పింగాణీకి బదులు ఉక్కు రేకు చుట్ట వుంటుంది. దానినుంచి పూతను వేరుచేసే పద్ధతి వేరు, ఖర్చు వేరు. పై డొక్కు మెరుపును, బరువును చూసి కంపెనీ సరుకు ధర ఇచ్చిన వర్తకునికి నష్టం తప్పదు.

రెండవ చిక్కు ధారణలది. రోడియం 2008 మధ్యలో ఔన్సు 10,000 డాలర్ల దాకా పోయి, ఆ యేడాది చివరకు 1,000 డాలర్ల ప్రాంతానికి పడిపోయింది. 2021 మార్చిలో 29,000 డాలర్లు దాటి, 2023 మధ్యకు 5,000 డాలర్ల దిగువకు వచ్చింది. ఒక కన్వర్టర్‌లో అర గ్రాము రోడియం వున్నదనుకుందాం. ఔన్సుకు 31.1 గ్రాములు. 29,000 ధారణలో ఆ అర గ్రాము 466 డాలర్లు. 5,000 ధారణలో 80 డాలర్లు మాత్రమే. సరుకు రిఫైనరీకి చేరి, లెక్క తేలేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. న్యూయార్క్‌లో ప్లాటినం, పల్లాడియంలకు వాయిదా వ్యాపారం వుంది కనుక ముందుగా అమ్మి కొంత రక్షణ పొందవచ్చు. రోడియంకు అక్కడ ఆ సౌకర్యం లేదు.

మూడవది చట్టం. అమెరికాలో కంపెనీ కన్వర్టర్‌కు సాధారణంగా 8 ఏళ్ళు లేక 80,000 మైళ్ళ వారంటీ వుంటుంది. ఆ గడువులో పనిచేస్తున్న దానిని తీసి వేరొకటి బిగించడాన్ని ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. కాలిఫోర్నియాలో బయటి కన్వర్టర్‌కు రాష్ట్ర అనుమతి నంబరు కూడా వుండాలి. 1996 మోడల్ నుంచి కార్లలో కన్వర్టర్ వెనుక వుండే ఆక్సిజన్ సెన్సర్ దాని పనితీరును కనిపెడుతుంది. పూత చాలని సరుకు అయితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. తనిఖీలో కారు ఆగిపోతుంది. అందువల్ల పాత కన్వర్టర్‌ను అమ్మివేసిన యజమాని మళ్ళీ కొనవలసి రావచ్చు.

ధరలు పెరిగిన 2020 తర్వాత అమెరికాలో కన్వర్టర్ల దొంగతనాలు కూడా బాగా పెరిగాయి. పలు రాష్ట్రాలు అమ్మకందారు వివరాలు, కారు వివరాలు రాసి వుంచాలని తుక్కు వర్తకులను ఆదేశించాయి.

కాబట్టి కొనుగోలుదారులు పాటించవలసినవి నాలుగు. డొక్కు మీది నంబరు చూసి కంపెనీ సరుకో, బయటి సరుకో తేల్చుకోవాలి. వీలైతే రంధ్రాలు లెక్కించాలి. పెద్ద లాటు అయితే నమూనా పరీక్ష జరిగాకనే పూర్తి ధర చెల్లించాలి. రోడియం విలువకు నేటి ధారణ మొత్తం కట్టకుండా, రిఫైనరీ గడువులో రాగల పతనానికి తగిన తరుగు మినహాయించుకోవాలి. సరుకు ఏ కారు నుంచి దిగిందో చెప్పలేని అమ్మకందారుతో, ధర ఎంత చవకైనా, బేరం పెట్టుకోకపోవడమే లాభం.