తెలిసినవాళ్ళు లేరని ఆగిపోకండి

ప్రశ్న: హిందూపురంలో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. బెంగళూరు దగ్గర దేవనహళ్ళి ఏరోస్పేస్ పార్కులో ఇంటర్న్‌షిప్ చెయ్యాలని ఉంది. అక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు. నా గురించి నేనే చెప్పుకోవాలంటే సిగ్గు.

జవాబు: 2024 జనవరిలో ఆ పార్కులో బోయింగ్ 43 ఎకరాల ప్రాంగణం తెరిచాక అందరి చూపూ దానిమీదే. అక్కడా దరఖాస్తు పెట్టండి. కానీ విమానాల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్లను వదలకండి. పని చేత్తో నేర్చుకునేది అక్కడే.

మీ కాలేజీ సీనియర్లు బెంగళూరులో ఎవరున్నారో లింక్డ్‌ఇన్‌లో వెతకండి. "అన్నా, ఉద్యోగం ఇప్పించండి" అనకండి. "అన్నా, నేను మీ జూనియర్ని. మీ షాపులో కొలతలు ఎలా తనిఖీ చేస్తారు? పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అనడగండి. ఇలా అడిగితే చాలామంది కాదనరు.

ఇక సిగ్గు సంగతి. గొప్పలు చెప్పుకోనక్కర్లేదు, చేసిన పని చూపించండి. వర్క్‌షాపులో చేసిన అల్యూమినియం బ్రాకెట్ ఫోటో, దాని డ్రాయింగు, రంధ్రం అర మిల్లీమీటరు పక్కకి పోతే ఎలా సరిదిద్దారో రెండు వాక్యాలు. తప్పు దాచకండి. ఇంజనీరు ముందు చూసేది అదే.

యలహంకలో రెండేళ్ళకోసారి జరిగే ఏరో ఇండియా విమాన ప్రదర్శనకి రెజ్యూమే పట్టుకుని వెళ్ళండి. ఇంటర్న్‌షిప్‌కి ఎదురు డబ్బు అడిగేవాళ్ళకి మాత్రం పైసా ఇవ్వకండి.