చక్రాల కుర్చీకి ఏ చక్రాలు?

మా బడిలో చదివే ఒక అమ్మాయికి రెండేళ్ల కిందట ఒక శిబిరంలో చక్రాల కుర్చీ ఇచ్చారు. నెల తిరగకముందే అది వాళ్ల వసారాలో తువ్వాళ్లు ఆరేసే స్టాండయింది. అమ్మాయి మళ్లీ బడి మానేసింది. వాళ్లమ్మను అడిగితే, "ఇంట్ల మంచిగనే తిరుగుతది సార్, గల్లీలకే రాదు" అన్నది.

వెళ్లి చూశాను. గడప నుంచి సీసీ రోడ్డు దాకా కాస్త మొరం దారి ఉంది. కుర్చీ ముందు చక్రాలు ఐదంగుళాలవి, సన్నవి, గట్టివి. మొదటి కంకర రాయి దగ్గరే ఆగిపోయాయి. వెనక నుంచి ఇంకా గట్టిగా తోస్తే పిల్ల ముందుకు పడిపోతుంది. కుర్చీలో లోపమేమీ లేదు. అది ఆసుపత్రి నేల కోసం చేసిన కుర్చీ, చొప్పదండి గల్లీల కోసం కాదు.

ఈ సంచిక చదివేవారిలో కుర్చీ కొని ఇచ్చేవారుంటారు, ఇంట్లో వాడేవారూ ఉంటారు. కొనేటప్పుడు అందరం వెనక పెద్ద చక్రాన్నే చూస్తాం. మన దారుల్లో ఇబ్బంది ముందు చిన్న చక్రాలతోనే వస్తుంది. చిన్న చక్రం ఇరుకు గదిలో చటుక్కున తిరుగుతుంది, కానీ గుంతలో దిగబడుతుంది. ఏడెనిమిది అంగుళాలది, కాస్త వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉన్నది రాళ్లనూ మట్టినీ దాటుతుంది. రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికా ఇంజనీరు తానే కుర్చీలో తిరుగుతూ పల్లె దారుల కోసం కుర్చీలు రూపొందించాడు. వాటికి వాడిన వెడల్పాటి ముందు చక్రం ఆఫ్రికాలోని జింబాబ్వేలో తయారైంది. అక్కడి దారులూ మన దారుల్లాంటివే.

ఒక హెచ్చరిక. ఐదంగుళాల చక్రం ఊడదీసి ఎనిమిదిది బిగిద్దామంటే కుదరదు. దాన్ని పట్టుకునే ఫోర్కులో పట్టదు. పట్టించినా సీటు వెనక్కి వాలుతుంది. అందుకే కొనే ముందే చూసుకోవాలి.

వెనక చక్రాలకు గాలి టైరా, గట్టి టైరా? గట్టి టైరుకు పంచరు భయం లేదు, కానీ ప్రతి కుదుపూ వెన్నుకు తగులుతుంది. ఇల్లు దాటనివారికి, గాలి కొట్టేవారు ఎవరూ లేని ఇంటికి అదే మేలు. రోజూ బయటికి వెళ్లేవారికి నా ఓటు గాలి టైరుకే. నడుము కింద స్పర్శ లేనివారికైతే కుదుపు తగ్గడం మరీ అవసరం, అయితే వారికి టైరు కన్నా మంచి దిండు ముఖ్యం. గంట్లు లోతుగా ఉన్న టైరు బురదలో పట్టు ఇస్తుంది. ఆ బురదనే చాప పరిచిన గదిలోకీ తెస్తుంది.

టైరు పాడైతే పంచరు షాపులో "ఇరవై నాలుగు అంగుళాలది" అంటే సరిపోదు. పక్కన ముద్రించిన అంకెలు చదవాలి. చాలా కుర్చీలకు 37-540 అని ఉంటుంది. 37 మిల్లీమీటర్లు టైరు వెడల్పు, 540 అది రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం. పిల్లల సైకిలుకు వచ్చే ఇరవై నాలుగు అంగుళాల టైరులో చాలావాటిపై రెండో అంకె 507. పేరు ఒకటే, వ్యాసంలో మూడు సెంటీమీటర్లకు పైగా తేడా. లెక్కలు చెప్పేవాణ్ణి, నేనే ఒకసారి తప్పు టైరు తెచ్చి తిరిగిచ్చాను.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. కుర్చీ బ్రేకు టైరు మీదే నొక్కుకుంటుంది. గాలి తగ్గితే బ్రేకు వేసినా పట్టదు. మంచం మీదికి మారబోయే మనిషి కింది నుంచి కుర్చీ జారిపోతుంది. తుంటి ఎముక విరగడానికి ఆ ఒక్క క్షణం చాలు. ఎంత గాలి కొట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది. వారానికొకసారి బొటనవేలితో నొక్కి చూడండి. అదే చేత్తో ముందు చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసేయండి. చక్రం బిగుసుకుపోవడానికి చాలాసార్లు కారణం అవే.

ఆ అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదంగుళాల ముందు చక్రాలున్న కుర్చీ వచ్చింది. మొరం దాటి బడికి వస్తోంది. వాన పడ్డ రోజు మాత్రం వాళ్ల నాన్న కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు వచ్చేలా లాక్కొస్తాడు. ఆ ఉపాయం ఆయనకు ఎవరూ చెప్పలేదు.