‘టూ’ వినబడితే చెయ్యి ఆపండి

సోంపేట, కంచిలి, పలాస పల్లెల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లే కుర్రాళ్లకు పని బాగా వచ్చు. ఇంగ్లీషే నాలుగు ముక్కలు. అందులో ‘టూ’ ఒక్కటి తప్పుగా అర్థమైనా ఒంటికే దెబ్బ.

మనం ‘చాలా బరువు’ అంటే ఎత్తగలిగేదైనా కావచ్చు, ఎత్తలేనిదైనా కావచ్చు. ఇంగ్లీషు ఆ రెంటినీ విడదీస్తుంది. ‘వెరీ హెవీ’ అంటే జాగ్రత్తగా ఎత్తొచ్చు. ‘టూ హెవీ’ అంటే హద్దు దాటింది, ఎత్తకూడదు.

చేయవలసినవి

ముందు మన మాటలో అనుకోండి బాబూ: ‘మరీ బరువుగుంది, ఎత్తనేం’. ‘మరీ’ పడిన చోట టూ, ‘చాలా’తో సరిపోయిన చోట వెరీ. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లలకు వాళ్ల సవర భాషలోనే పాఠాలు తయారుచేశారు. పరాయి భాషకైనా ఇంటి మాటలోంచే నడవాలని నేను గట్టిగా నమ్ముతాను.

‘టూ హాట్ టు టచ్’ అన్న మాటను విడిగా కూర్చుని పదిసార్లు అనుకోండి. అందులో ‘నాట్’ లేదు, ‘డోంట్’ లేదు. చివర ‘టచ్’ ఒక్కటే చెవిన పడి పైపు పట్టుకుంటే చెయ్యి కాలిపోతుంది. వద్దు అన్న అర్థమంతా ఆ ‘టూ’లోనే ఉంది. ‘టూ హై టు జంప్’ అన్నా అంతే, దూకొద్దనే.

చెప్పింది అర్థం కాకపోతే పని ఆపి మళ్లీ అడగండి.

చేయకూడనివి

మెచ్చుకోలుకు ‘టూ’ వాడొద్దు. నడుం బెల్టు బాగా బిగిసిందన్న సంతోషంతో ‘టూ టైట్’ అన్నారనుకోండి, పక్కవాడు దాన్ని వదులు చేస్తాడు. మీరు ఉన్నది ఎత్తు మీద!

‘టూ మచ్ హెవీ’ అనొద్దు, ‘టూ హెవీ’ చాలు. గ్యాసుకు, పొగకు ‘టూ మచ్’. మనుషులకు, సంచులకు ‘టూ మెనీ’.

వాకీటాకీలో ‘టూ’ ఒక్కటే పలికి వదిలేయొద్దు. రెండు అనే అంకెదీ అదే ఉచ్చారణ. క్రేన్ కొక్కెం మరీ కిందికి దిగితే ముందు ‘స్టాప్’, ఆ తర్వాత ‘టూ లో’.

డాక్టరు ‘టేక్ టూ’ అంటే రెండు మాత్రలు. ‘టూ మెనీ’ అంటే మోతాదు మించింది. సందేహముంటే వేళ్లు చూపించి అడగండి, మాత్ర మింగకముందే.