పరారుణ లేజర్ కాంతితో విద్యుత్ రసాయన చర్యల నియంత్రణ: అమ్మోనియా తయారీ దృష్ట్యా ఒక పరిశీలన

విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల వాయువు నుండి అమ్మోనియం సల్ఫేటు ఉపఉత్పత్తిగా లభిస్తున్నది. అదే నగరంలోని కోరమండల్ ఎరువుల కర్మాగారానికి అమ్మోనియా ఓడలలో రేవుకు చేరుతున్నది. 2025 జనవరి 8న పూడిమడక వద్ద శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రం నీటిని విద్యుత్తుతో విడగొట్టడంపై ఆధారపడినది. అయితే ఆ హైడ్రోజన్‌ను అమ్మోనియాగా మార్చడానికి 400-500 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, అధిక పీడనం కోరే హేబర్-బాష్ పద్ధతే నేటికీ పారిశ్రామిక మార్గం.

ఈ మార్పును గది ఉష్ణోగ్రత వద్దనే, నేరుగా ఎలక్ట్రోడ్ మీద జరిపించవచ్చునా? వోల్టేజితో పాటు పరారుణ లేజర్ కాంతిని ప్రసరింపజేసి, ఎంచుకున్న బంధాన్ని మాత్రమే కంపింపజేయాలన్నది పోస్ట్ డాక్టరల్ పరిశోధనకు తగిన ఆలోచన. ఆకర్షణీయమైనదే గాని, అవరోధాలు మౌలికమైనవి. నత్రజని అణువులోని రెండు పరమాణువులూ ఒకే మూలకానివి కనుక అది పరారుణ కాంతిని గ్రహించదు. ఒక కొనతో లోహపు ఉపరితలాన్ని అంటుకొన్నప్పుడే సౌష్ఠవం చెదిరి కొంత గ్రహిస్తుంది. అప్పుడు కూడా 4.3 మైక్రోమీటర్ల ప్రాంతపు ఫోటాన్లు ఇచ్చే శక్తి మోలుకు సుమారు 28 కిలోజౌళ్లు. త్రిబంధపు శక్తి సుమారు 945. మిగిలిన భారం వోల్టేజి, ఉత్ప్రేరకం మోయవలసిందే. నైట్రేటు అయాన్ 7 మైక్రోమీటర్ల ప్రాంతంలో బలంగానే గ్రహిస్తుంది. కాని చుట్టూ ఉన్న నీరు కూడా గ్రహిస్తుంది కనుక ద్రావణపు పొర అతి పలుచగా ఉండాలి.

అసలు చిక్కు వేడితో వస్తుంది. ద్రవంలో కంపనశక్తి పికోసెకండ్లలోనే వేడిగా మారిపోతుంది. వేసవి నేలలో యూరియా త్వరగా విచ్ఛిన్నమైనట్లే, వేడెక్కిన ఎలక్ట్రోడ్ మీద చర్య వేగం పుంజుకుంటుంది. దానిని కాంతి ప్రభావంగా పొరబడరాదు.

ఇక్కడ వ్యవసాయ శాస్త్రజ్ఞులకు చిరపరిచితమైన నత్రజని-15 అక్కరకు వస్తుంది. పైరు ఎరువు నుండి ఎంత గ్రహించిందో తెలుసుకొనుటకు వాడే ఐసోటోపే ఇది. బరువైన పరమాణువు చేరితే కంపనపు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. నత్రజని అణువులో 4.29 నుండి 4.44 మైక్రోమీటర్లకు. ఎలక్ట్రోడ్ వద్ద ఉష్ణోగ్రత పెరుగుదలను సమానంగా ఉంచి లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మార్చినప్పుడు, చర్యావేగపు శిఖరం కూడా అంత మేర జరిగితేనే బంధకంపనం ప్రభావమని నమ్మవచ్చు.

లభించిన అమ్మోనియా ఎక్కడిదన్నది మరొక పరీక్ష. గాలిలో, ఊపిరిలో, చేతి తొడుగులలో సైతం అమ్మోనియా ఉంటుంది. ప్రయోగాలలో కొలిచేది మైక్రోగ్రాములలోనే. 2019లో నేచర్ పత్రికలో వెలువడిన ఐసోటోపు పరీక్షా విధానంలో, నీటి ద్రావణాలలో పరీక్షించిన శుద్ధ లోహాలు నిలువలేదు. లిథియం పద్ధతి నిలిచింది. సిలిండరులోని నత్రజని-15 వాయువులోనే అమ్మోనియా కలిసి ఉండవచ్చు కనుక, దానిని ముందుగా శుద్ధి చేయాలి. లేజర్ వెలుగులోనే, నత్రజనికి బదులు ఆర్గాన్ వాయువుతో మరొకసారి ప్రయోగాన్ని జరపాలి.