ఎగిరే ముందు, దిగిన తర్వాత

కోకాపేట గండిపేట చెరువు దగ్గరి ఊరు. ఒకప్పుడు ఇక్కడ సేద్యం సాగేది. ఇప్పుడు పెద్ద పెద్ద మేడలు లేచాయి. 2023 ఆగస్టు వేలంలో ఇక్కడ ఎకరం నేల 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. కానీ చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు పోతే ఇంకా పొలాలు ఉన్నాయి.

పొలాల్లో మందు కొట్టడానికి ఇప్పుడు డ్రోన్ వచ్చింది.

డ్రోన్ అంటే ఏమిటి? మనిషి ఎక్కని చిన్న విమానం. చేతిలో రిమోట్ ఉంటుంది. రేడియో అలలతో అది చెప్పినట్టు డ్రోన్ ఎగురుతుంది. పిల్లల రిమోట్ విమానం లాంటిదే. కానీ ఇది 10 లీటర్ల మందు మోస్తుంది. ఎకరం పొలానికి సుమారు 10 నిమిషాలు చాలు.

2023లో కేంద్ర ప్రభుత్వం 'నమో డ్రోన్ దీదీ' పథకం పెట్టింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని అనుకున్నారు. ఖర్చులో 80 శాతం, 8 లక్షల రూపాయల దాకా సాయం. మిగిలింది సంఘం అప్పు తెచ్చుకోవచ్చు. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ. ఆమె పైలట్. ఇంకొకరు సహాయకురాలు. మరమ్మతు పని ఆమె నేర్చుకోవాలి.

డ్రోన్ మూలన పడితే కూలి రాదు. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుకే ఎగరేయడం ఎంత ముఖ్యమో, చూసుకోవడం అంత ముఖ్యం.

ఎగిరే ముందు

పైలట్ వదిన. సహాయకురాలు మరదలు. ఇద్దరూ పొలం గట్టు మీద ఉన్నారు.

"వదినా, నిన్న మంచిగనే ఎగిరింది కదా. మళ్ళ చూసుడెందుకు?"

"నిన్నటి ముచ్చట నిన్నటిదే. దిగేటప్పుడు రాయి తగిలిందేమో! ముందు బ్యాటరీ తియ్యి. బ్యాటరీ ఉండగ రెక్కల దగ్గర చెయ్యి పెట్టొద్దు."

"తీసిన. ఇప్పుడు?"

"ఒక్కో రెక్కను వేలితో తడిమి చూడు. సన్న చీలిక ఉన్నా ఆ రెక్క మార్చాలె. అతికించి వాడొద్దు. మోటారును చేత్తో తిప్పు. గరగర అంటుందా?"

"లేదు వదినా. మెత్తగ తిరుగుతుంది. కానీ ఈ చేతి మర కొంచెం వదులైంది."

"చూసినవా! గట్టిగ బిగించు. గాలిల ఊడితే డ్రోన్ మన నెత్తి మీదనే పడేది."

దిగిన తర్వాత

మందు పంటకు మేలు, మనిషికి విషం. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు వేసుకోండి. ట్యాంకులో మంచినీళ్ళు పోసి మూడుసార్లు కడగండి. ఆ నీళ్ళు పంపు గుండా, నాజిళ్ళ గుండా పోవాలి. కడిగిన నీళ్ళు బావిలో, చెరువులో పొయ్యకండి. మందు కొట్టిన పొలంలోనే చల్లండి.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి. మెత్తని బ్రష్షుతో తుడవండి. జల్లెడ తీసి కడగండి. మోటార్ల మీద, వైర్ల మీద నీళ్ళు గుమ్మరించకండి. తడిబట్టతో తుడిస్తే చాలు.

బ్యాటరీ జాగ్రత్త

డ్రోన్‌లో అన్నింటికన్నా ప్రమాదమైనది బ్యాటరీ. పాడైతే మంట లేస్తుంది.

దిగగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది. చల్లారాకే చార్జింగ్ పెట్టండి. చార్జింగ్ పెట్టి నిద్రపోకండి. మంచం మీద, చాప మీద, గడ్డి దగ్గర పెట్టకండి. పక్కన ఇసుక బకెట్ ఉంచండి. చాలా రోజులు పని లేకపోతే సగం చార్జింగ్‌తో దాచండి.

బ్యాటరీ ఉబ్బిందా? ఇక వాడకండి. గుచ్చకండి. చెత్తకుప్పలో వెయ్యకండి. అమ్మిన కంపెనీకి అప్పగించండి.

పుస్తకంలో రాయండి

రోజూ ఇలా రాసుకోండి:

తేదీ:
ఎన్ని ఎకరాలు:
బ్యాటరీ నంబరు:
ఏం చూశాం:
ఏం మార్చాం:
సంతకం:

నెల తర్వాత పుస్తకం తిరగేయండి. ఏ బ్యాటరీ తొందరగా దిగిపోతోందో తెలుస్తుంది. ఏ రెక్క ఎప్పుడు మార్చామో తెలుస్తుంది. "మీరు సరిగా చూసుకోలేదు" అని మరమ్మతు దుకాణంలో ఎవరైనా అంటే, ఈ పుస్తకం చూపించండి. నోటిమాట గాలికి పోతుంది. రాసిన మాట నిలుస్తుంది.

ఇంకో మాట. డ్రోన్ ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. 2021 డ్రోన్ నియమాలు ఉన్నాయి. ప్రభుత్వ మ్యాపులో పచ్చ, పసుపు, ఎరుపు రంగులు ఉంటాయి. పసుపు, ఎరుపు చోట్ల అనుమతి కావాలి. మనకు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర. ముందు మ్యాపు చూడండి.

చెప్పండి, రాయండి

1. రెక్కలు చూసే ముందు ఏం తియ్యాలి?
2. నాజిల్‌ను నోటితో ఎందుకు ఊదకూడదు?
3. కడిగిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలి?
4. మీ ఇంట్లో కుట్టుమిషనో, మందు కొట్టే పంపో ఉందా? దానికి రోజూ ఏమేం చూడాలో నాలుగు మాటల్లో రాయండి. కింద సంతకం చెయ్యండి.